డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో గ్రూప్ కమ్యూనికేషన్: అంచెలంచెలుగా నిర్మించుకునే విధానం

ఒకే డేటా మూడు యంత్రాలలో మూడు ప్రతులుగా ఉన్నదనుకుందాం. విలువ 50గా ఉన్నప్పుడు ‘100 కలుపు’, ‘రెట్టింపు చెయ్యి’ అనే రెండు ఆదేశాలు మూడింటికీ వెళ్ళాయి. వాటిని ఇదే వరుసలో అమలు చేసిన యంత్రంలో ఫలితం 300 అవుతుంది. వరుస తారుమారైన యంత్రంలో 200 అవుతుంది. ఒక్క సందేశమూ పోలేదు, ఏ యంత్రమూ ఆగిపోలేదు, అయినా ప్రతులు విడిపోయాయి. ఆదేశాన్ని పంపుతున్న యంత్రం ఇద్దరికి పంపి మూడో సభ్యుడికి పంపేలోపు ఆగిపోతే పరిస్థితి ఇంకా జటిలమవుతుంది. ఈ చిక్కులను ప్రతి అప్లికేషనూ తనంతట తాను విప్పుకోవలసిన అవసరం లేకుండా, నెట్‌వర్క్‌కూ అప్లికేషన్‌కూ మధ్య ఒక పొరగా నిలబడి పరిష్కరించేదే గ్రూప్ కమ్యూనికేషన్. 1980లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కెన్ బర్మన్ బృందం నిర్మించిన ఐసిస్ అనే వ్యవస్థ ఈ ఆలోచనకు సమగ్రమైన రూపాన్నిచ్చింది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లోనూ, ఫ్రాన్స్ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌లోనూ అది వినియోగంలోకి వచ్చింది.

సాకెట్ ప్రోగ్రామింగ్ తెలిసి, ఇటువంటి పొరను స్వయంగా రాయాలనుకునేవారికీ, ఇప్పటికే ఉన్న లైబ్రరీని ఎంచుకుని సరిగా అమర్చుకోవాలనుకునేవారికీ ఈ అంచెలు ఒకే విధంగా ఉపయోగపడతాయి.

మొదటి అంచె: కావలసిన హామీలను కోడ్ కంటే ముందు కాగితం మీద పెట్టడం

మూడు విషయాలను స్పష్టంగా రాసుకోవాలి. మొదటిది, ఎటువంటి వైఫల్యాలను తట్టుకోవాలి అన్నది. నోడ్ (గ్రూపులోని ఒక యంత్రం) ఆగిపోవడం మాత్రమేనా, ఆగిపోయి డిస్క్‌లోని సమాచారంతో తిరిగి లేవడం కూడానా, లేక తప్పుడు సందేశాలను కావాలని పంపే నోడ్‌లు కూడా ఉంటాయా? చివరి రకాన్ని బైజాంటైన్ వైఫల్యం అంటారు. అటువంటి నోడ్‌లు f ఉన్నా నిలబడాలంటే కనీసం 3f+1 సభ్యులు కావాలి. ఆగిపోయే నోడ్‌లను మాత్రమే తట్టుకుంటే చాలనుకున్నప్పుడు 2f+1 సరిపోతారు. ఒకే సంస్థ అదుపులో ఉన్న యంత్రాలకు సాధారణంగా రెండో లెక్కే తగినది, ఇక్కడ నేను ఆ పరిధికే కట్టుబడి ఉంటాను.

రెండోది, సభ్యుల సంఖ్య. ప్రతి సందేశమూ అందరి వద్దా ఒకే వరుసలో అమలు కావలసిన సమూహంలో మూడు, ఐదు లేదా ఏడు నోడ్‌లు ఉండడం ఆనవాయితీ. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని గ్రూప్ రెప్లికేషన్ సదుపాయం ఒక గ్రూపులో 9 మందికి మించి సభ్యులను అనుమతించదు. వందల నోడ్‌లు ఉండి, సమాచారం కాస్త ఆలస్యంగానైనా అందరికీ చేరితే చాలనుకుంటే గాసిప్ పద్ధతి మేలు. ప్రతి నోడూ తనకు తెలిసినదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకున్న కొద్దిమందికి చెబుతూ పోతుంది, సమాచారం అందరికీ చేరడానికి పట్టే విడతలు నోడ్‌ల సంఖ్యకు లాగరిథమ్ స్థాయిలో మాత్రమే పెరుగుతాయి. 1987లో జిరాక్స్ పరిశోధకులు డేటాబేస్ ప్రతుల కోసం ఈ పద్ధతిని వివరించారు. మీ అవసరం దీనితో తీరిపోతే ఇక్కడే ఆగిపోవచ్చు. దిగువ వివరించే బరువైన యంత్రాంగమేదీ మీకు అవసరం లేదు.

మూడోది, వరుస. దీని గురించి నాలుగో అంచెలో విస్తారంగా చెప్పుకుంటాం. అప్లికేషన్‌కు నిజంగా అవసరమైన వరుసలలో అత్యంత బలహీనమైనదాన్ని ఎంచుకోవాలి, ఎందుకంటే వరుస ఎంత బిగువుగా ఉంటే అంత ఎక్కువగా ఒకరి కోసం మరొకరు ఆగవలసి వస్తుంది.

రెండో అంచె: అందుకోవడాన్నీ అప్పగించడాన్నీ వేరు చేయడం

ఈ పొర మొత్తానికీ పునాది ఈ విభజనే. నెట్‌వర్క్ నుంచి సందేశం నోడ్‌కు చేరడం ఒక ఘట్టం. దాన్ని అప్లికేషన్ చేతికి అప్పగించడం మరొక ఘట్టం. ఈ రెంటి మధ్యా ఒక క్యూ ఉంటుంది. హామీలన్నీ రెండో ఘట్టం గురించే. సందేశాలు ఏ వరుసలో చేరతాయన్నది మన చేతిలో లేదు, ఏ వరుసలో అప్పగిస్తామన్నది పూర్తిగా మన చేతిలోనే ఉంది. కాబట్టి సాకెట్‌ను చదివే థ్రెడ్ నుంచి అప్లికేషన్ ఫంక్షన్‌ను నేరుగా పిలిచే కోడ్‌ను ఎన్నడూ రాయకూడదు. చదివే భాగం సందేశాన్ని క్యూలో పెట్టాలి. అప్పగించే భాగం, షరతులన్నీ తీరిన సందేశాలను మాత్రమే ఆ క్యూలోంచి తీసి ఒక్కొక్కటిగా పైకి ఇవ్వాలి.

ప్రతి సందేశానికీ శీర్షికలో పంపినవారి గుర్తింపు, వారి సీక్వెన్స్ నంబరు, అది ఏ సభ్యత్వ దశకు చెందినదో తెలిపే వ్యూ నంబరు ఉండాలి. మొదటి రెండింటితో నకళ్ళను గుర్తించి పక్కన పెట్టవచ్చు. మూడోదాని ప్రయోజనం ఆరో అంచెలో తెలుస్తుంది, అయినా దాన్ని మొదటి రోజు నుంచే శీర్షికలో ఉంచాలి. తర్వాత చేర్చడమంటే ప్రోటోకాల్‌ను మార్చడమే.

మూడో అంచె: అందరికీ చేరేలా చూడడం

కొద్దిమంది సభ్యులున్నప్పుడు ప్రతి ఇద్దరి మధ్యా ఒక టీసీపీ కనెక్షన్ పెట్టుకుంటే నష్టపోయిన ప్యాకెట్లను తిరిగి పంపే పని, ఇద్దరి మధ్య వరుస కాపాడే పని చాలావరకు తీరుతుంది. ఐపీ మల్టీకాస్ట్ వాడితే ఒక్కసారి పంపిన ప్యాకెట్‌ను నెట్‌వర్క్ పరికరాలే అందరికీ పంచుతాయి, 224.0.0.0 నుంచి 239.255.255.255 వరకు ఉన్న చిరునామాలు అందుకు కేటాయించినవే. అయితే మల్టీకాస్ట్ ప్యాకెట్లు యూడీపీ మీద వెళతాయి, అవి పోవచ్చు, పైగా చాలా క్లౌడ్ నెట్‌వర్క్‌లు మల్టీకాస్ట్‌ను మామూలుగా అనుమతించవు. అది ఉందని నమ్మి డిజైన్ చేసేముందు మీ నెట్‌వర్క్‌లో పరీక్షించి చూడాలి.

మల్టీకాస్ట్ వాడేటప్పుడు ప్రతి సభ్యుడూ ప్రతి సందేశానికీ రశీదు పంపితే, 200 మంది ఉన్న గ్రూపులో ఒక్క సందేశానికి 199 రశీదులు ఒకేసారి పంపినవారి మీదకు వచ్చి పడతాయి. అందుకని రశీదు పంపడానికి బదులు, సీక్వెన్స్ నంబర్లలో ఖాళీ కనిపించినప్పుడు మాత్రమే ‘ఈ నంబరు సందేశం నాకు రాలేదు’ అని అడగడం మేలు. ఈ పద్ధతిలో ఒక లొసుగు ఉంది: చివరి సందేశమే పోతే దాని తర్వాత వచ్చేది లేదు కనుక ఖాళీ కనిపించదు. దీన్ని పూడ్చడానికి, పంపే నోడ్ తాను ఇప్పటివరకు పంపిన అత్యధిక నంబరును తన హార్ట్‌బీట్‌లలో (తాను పనిచేస్తూనే ఉన్నానని తెలిపేందుకు అప్పుడప్పుడూ పంపే చిన్న సందేశాలలో) చెబుతూ ఉండాలి.

ఇక అసలు చిక్కు, పంపే నోడ్ మధ్యలో ఆగిపోవడం. ‘క’ అనే నోడ్ తన సందేశాన్ని ‘చ’కు పంపి, ‘ట’కు పంపేలోపు ఆగిపోయింది. సందేశం అందిన సభ్యులందరూ దాన్ని మొదటిసారి చూడగానే మిగిలినవారికి తిరిగి పంపితే ఈ చిక్కు తీరుతుంది, కానీ సభ్యులు n మంది అయితే ఒక్కో సందేశానికి సుమారు n² ప్యాకెట్ల భారం పడుతుంది. ఆగిపోవడమన్నది అరుదుగా జరిగేది గనుక అందుకోసం ప్రతి సందేశానికీ ఇంత మూల్యం చెల్లించడం నాకు సమ్మతం కాదు. ప్రతి సభ్యుడూ తనకు వచ్చిన సందేశాలను బఫర్‌లో దాచుకుని, పంపినవారు ఆగిపోయారని తేలినప్పుడు మాత్రమే వాటిని ఇతరులతో పంచుకోవడం మెరుగైన మార్గం.

దాచుకున్నవాటిని ఎప్పుడు తీసివేయాలి? ఒక సందేశం సభ్యులందరికీ చేరిందని రూఢి అయినప్పుడు దాన్ని స్థిరపడిన సందేశం అంటారు. ప్రతి నోడూ ఎవరి నుంచి ఏ నంబరు వరకు లోపం లేకుండా అందుకున్నదో హార్ట్‌బీట్‌తో పాటే చెబుతుంది. ఆ నంబర్లలో కనిష్ఠం వరకు ఉన్నవన్నీ స్థిరపడినట్టే, వాటిని బఫర్‌లోంచి తొలగించవచ్చు.

నాలుగో అంచె: వరుసను ఏర్పరచడం

పంపినవారి వరుస అన్నిటికంటే సులువైనది: ఒక నోడ్ పంపినవి అది పంపిన క్రమంలోనే అందరికీ అందాలి. పంపే ఒక్కొక్కరికీ ‘తర్వాత రావలసిన నంబరు’ను గుర్తుంచుకుని, ముందుగా వచ్చినవాటిని ఆపి ఉంచితే సరిపోతుంది.

కార్యకారణ వరుస దీనికంటే ఒక మెట్టు పైది. ఒక ప్రశ్నను చూసి మరొకరు జవాబు రాస్తే, ఆ జవాబు ఎవరికీ ప్రశ్న కంటే ముందు అప్పగించకూడదు. ‘ముందు జరిగినది’ అన్న సంబంధాన్ని నిజమైన సమయాన్ని చూపే గడియారాలతో పనిలేకుండా నిర్వచించవచ్చునని లెస్లీ లాంపోర్ట్ 1978లో చూపారు. దాన్ని పూర్తిగా పట్టుకునే వెక్టర్ గడియారాలు 1980ల చివర్లో వచ్చాయి. అమలు ఇలా ఉంటుంది. ప్రతి నోడూ ఎవరెవరి సందేశాలు ఎన్నెన్ని అప్పగించిందో తెలిపే ఒక అంకెల జాబితాను (వెక్టర్‌ను) తన వద్ద ఉంచుకుంటుంది. ‘క’, ‘చ’, ‘ట’ల వద్ద మొదట అది [0,0,0]. ‘క’ తన ప్రశ్నను [1,0,0] అనే ముద్రతో పంపింది. దాన్ని చూసిన ‘చ’ తన జవాబును [1,1,0] ముద్రతో పంపింది. ‘ట’కు జవాబే ముందు చేరింది. ‘ట’ రెండు విషయాలు చూస్తుంది: పంపినవారి స్థానంలోని అంకె తన లెక్క కంటే సరిగ్గా ఒకటి ఎక్కువగా ఉన్నదా, మిగిలిన స్థానాలలోని అంకెలేవీ తన లెక్కను మించకుండా ఉన్నాయా? మొదటి షరతు తీరింది. రెండోది తీరలేదు, ఎందుకంటే ‘క’ స్థానంలో సందేశం 1 అంటున్నది, ‘ట’ వద్ద 0 ఉంది. కాబట్టి జవాబు ఆగుతుంది. ప్రశ్న చేరి, అప్పగించబడి, లెక్క [1,0,0] అయిన వెంటనే జవాబు కూడా వెళుతుంది.

ఈ వరుసకు ఒక హద్దు ఉన్నది, 1993లో చెరిటన్, స్కీన్ తమ విమర్శలో దాన్ని గట్టిగానే ఎత్తి చూపారు. రెండు నోడ్‌లు గ్రూప్ పొర బయట, ఉదాహరణకు ఒకే డేటాబేస్ ద్వారా, ఒకదానినొకటి ప్రభావితం చేసుకుంటే ఆ సంబంధం వెక్టర్‌కు తెలియదు. అటువంటి దొడ్డిదారులు మీ వ్యవస్థలో ఉన్నాయేమో వెతికి, ఉంటే డేటాలోనే వెర్షన్ నంబరు పెట్టుకోవాలి.

పూర్ణ వరుసలో సభ్యులందరూ అన్ని సందేశాలనూ ఒకే క్రమంలో అందుకుంటారు. ప్రతులు విడిపోకుండా ఉండాలంటే కావలసింది ఇదే. దీనికి సులువైన మార్గం సీక్వెన్సర్: సభ్యులలో ఒకరు ప్రతి సందేశానికీ వరుస సంఖ్య ఇస్తారు, అందరూ ఆ సంఖ్యల ప్రకారం అప్పగిస్తారు. సందేశాన్ని మొత్తంగా సీక్వెన్సర్‌కు పంపి అదే అందరికీ పంచేలా చేయవచ్చు. లేదా పంపినవారే నేరుగా అందరికీ పంపి, సీక్వెన్సర్ మాత్రం ‘ఈ సందేశానికి ఈ సంఖ్య’ అనే చిన్న ప్రకటన చేసేలా చేయవచ్చు. సందేశాలు పెద్దవైతే రెండోది సీక్వెన్సర్ మీది నెట్‌వర్క్ భారాన్ని ఎంతో తగ్గిస్తుంది.

సీక్వెన్సర్ లేని మార్గం కూడా ఉంది, ఐసిస్‌లో వాడినది అటువంటిదే. పంపినవారు సందేశాన్ని అందరికీ పంపుతారు; ప్రతి సభ్యుడూ తాను ఇంతవరకు చూసిన సంఖ్యలన్నిటినీ మించిన ఒక కొత్త సంఖ్యను ప్రతిపాదిస్తాడు; పంపినవారు వాటిలో గరిష్ఠాన్ని ఖరారు చేసి అందరికీ చెబుతారు. క్యూ మొదట ఉన్న సందేశం ఖరారైనదైతేనే అప్పగించాలి, సంఖ్యలు సమానమైతే నోడ్ గుర్తింపుతో తేల్చాలి. దీనికి మూడు విడతల సందేశాలు కావాలి, మధ్యలో పంపినవారు ఆగిపోతే ఖరారు చేసే బాధ్యతను మరొకరు తీసుకోవాలి. చిన్న గ్రూపులకు సీక్వెన్సరే నా మొదటి ఎంపిక. దాని ప్రవర్తనను లాగ్‌లలో చదివి అర్థం చేసుకోవడం తేలిక.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. పూర్ణ వరుస అంటే అందరికీ ఒకే క్రమం అని మాత్రమే అర్థం. ఒకే నోడ్ పంపిన రెండో సందేశం మొదటిదానికంటే ముందు రాకూడదన్న నియమం అందులో దానంతట అది ఇమిడి లేదు. ఆ నియమం కావాలంటే విడిగా చేర్చాలి. ఇంతకంటే ముఖ్యమైనది రెండోది. సీక్వెన్సర్ ఒక సందేశానికి సంఖ్య ఇచ్చి, వెంటనే తన అప్లికేషన్‌కు అప్పగించి, క్లయింట్‌కు ‘పని పూర్తయింది’ అని చెప్పి, ఇతరులకు పంపేలోపు ఆగిపోయిందనుకోండి. మిగిలినవారికి ఆ సందేశం ఉన్నట్టే తెలియదు, క్లయింట్ మాత్రం అది జరిగిందని నమ్ముతున్నాడు. అందువల్ల సభ్యులలో సగానికి మించి సందేశాన్నీ దాని సంఖ్యనూ దాచుకున్నామని చెప్పేవరకు ఎవరూ, సీక్వెన్సర్ సహా, అప్పగించకూడదు. దీనివల్ల ఒక విడత ఆలస్యం పెరుగుతుంది. డేటా విలువైనదైతే ఆ ఆలస్యాన్ని తప్పించే ప్రయత్నం చేయవద్దు.

ఐదో అంచె: ఎవరు ఆగిపోయారో అనుమానించడం

అనుమానించడం అని కావాలనే అంటున్నాను. సందేశం ఎంతసేపట్లో చేరుతుందో హద్దు లేని నెట్‌వర్క్‌లో, ఆగిపోయిన నోడ్‌నూ నెమ్మదించిన నోడ్‌నూ కచ్చితంగా వేరు చేయడం అసాధ్యం. అటువంటి నెట్‌వర్క్‌లో ఒక్క నోడ్ ఆగిపోయే అవకాశమున్నా సరే, ఎల్లప్పుడూ ముగింపుకు చేరే, యాదృచ్ఛికతను వాడని ఏకాభిప్రాయ విధానం (నోడ్‌లన్నీ ఒకే నిర్ణయానికి వచ్చే పద్ధతి) ఉండదని ఫిషర్, లించ్, పాటర్సన్ 1985లో నిరూపించారు. పూర్ణ వరుసా ఏకాభిప్రాయమూ ఒకదాని నుంచి మరొకటి సాధించగలిగిన సమస్యలేనని చంద్రా, టూయెగ్ 1996లో చూపారు కనుక ఆ పరిమితి మన పొరకూ వర్తిస్తుంది. ఆచరణలో దీని అర్థం ఏమిటంటే, ప్రతులు ఎన్నడూ విడిపోవన్న హామీని అన్ని పరిస్థితులలోనూ నిలబెట్టాలి. పని ముందుకు సాగుతుందన్న హామీని మాత్రం నెట్‌వర్క్ సక్రమంగా ఉన్నప్పుడే ఇవ్వగలం. టైమ్‌ఔట్ (ఎంతసేపు పలుకు లేకపోతే ఆగిపోయినట్టు అనుమానించాలన్న గడువు) తప్పుగా లెక్కవేసినా వ్యవస్థ నెమ్మదించాలే తప్ప డేటా చెడకూడదు.

టైమ్‌ఔట్‌ను నిర్ణయించేటప్పుడు నెట్‌వర్క్ ఆలస్యాన్ని మాత్రమే చూసి మోసపోవద్దు. గార్బేజ్ కలెక్షన్ (వాడకంలో లేని మెమరీని తిరిగి తీసుకోవడం) కోసం ప్రాసెస్ కొన్ని సెకన్లు స్తంభించడం, వర్చువల్ మెషీన్‌ను ఒక యంత్రం నుంచి మరొకదానికి మార్చేటప్పుడు వచ్చే విరామం, డిస్క్ రాత ఆలస్యం కావడం అంతకంటే పెద్ద జాప్యాలు. వీటిని మీ వ్యవస్థలోనే కొలిచి, చూసిన గరిష్ఠ విరామం కంటే టైమ్‌ఔట్ ఎక్కువగా ఉండేలా పెట్టాలి. అందరూ అందరికీ హార్ట్‌బీట్ పంపే పద్ధతిలో 100 నోడ్‌లకు విడతకు 9,900 సందేశాలవుతాయి. పెద్ద గ్రూపులకు 2002లో ప్రతిపాదించిన స్విమ్ పద్ధతి అనువైనది: ప్రతి నోడూ విడతకు ఒక్కరిని మాత్రమే పలకరిస్తుంది, జవాబు రాకపోతే మరి కొందరిని తన తరఫున పలకరించమంటుంది, అప్పటికీ రాకపోతేనే అనుమానితుల జాబితాలో చేరుస్తుంది.

ఆరో అంచె: సభ్యత్వం మారే ఘడియను కాపాడడం

గ్రూప్ కమ్యూనికేషన్‌లో కష్టమంతా ఇక్కడే పేరుకుని ఉంటుంది. ఈ క్షణాన గ్రూపులో ఎవరెవరు ఉన్నారో తెలిపే జాబితాను వ్యూ అంటారు, ప్రతి వ్యూకూ పెరుగుతూ పోయే ఒక నంబరు ఉంటుంది. సాధించవలసిన నియమం ఇది: 5వ వ్యూ నుంచి 6వ వ్యూకు కలిసి వెళ్ళిన సభ్యులందరూ 5వ వ్యూలో సరిగ్గా ఒకే సందేశాల సమితిని అప్పగించి ఉండాలి. బర్మన్ బృందం దీనికి వర్చువల్ సింక్రనీ అని పేరు పెట్టింది. ఈ నియమం ఉంటే, ‘ఆగిపోయిన నోడ్ చివరి సందేశాన్ని మేము చూశాం, మీరు చూశారా’ అన్న సందేహం అప్లికేషన్‌కు ఎన్నడూ రాదు.

ఎవరైనా ఆగిపోయారని అనుమానం వచ్చినప్పుడు, మిగిలినవారిలో అందరికంటే ముందు చేరిన సభ్యుడు సమన్వయకర్తగా కొత్త వ్యూను ప్రతిపాదిస్తాడు. ప్రతిపాదన అందిన ప్రతి సభ్యుడూ కొత్త సందేశాలు పంపడం ఆపి, తన బఫర్‌లో ఇంకా స్థిరపడని సందేశాలన్నిటినీ సమన్వయకర్తకు అందజేస్తాడు. సమన్వయకర్త వాటిని కలిపి, ఎవరికి లేనివి వారికి పంపి, అందరూ అందాయని చెప్పాక కొత్త వ్యూను ప్రకటిస్తాడు. సీక్వెన్సర్ ఆగిపోయి ఉంటే, సంఖ్య పడని సందేశాలకు ఏదో ఒక స్థిరమైన నియమం ప్రకారం, ఉదాహరణకు నోడ్ గుర్తింపు, సీక్వెన్స్ నంబరు వరుసలో, సంఖ్యలు ఇవ్వాలి. ఈ తతంగం మధ్యలో మరొకరు ఆగిపోతే మొత్తం పనిని ఇంకా పెద్ద నంబరుతో మొదటి నుంచి మొదలుపెట్టాలి. సగంలోంచి కొనసాగించే తెలివితేటలు ఇక్కడ ప్రమాదకరం.

నెట్‌వర్క్ రెండుగా చీలితే, పాత వ్యూలో సగానికి మించి సభ్యులున్న భాగమే కొత్త వ్యూను ఏర్పరచుకోవాలి. ఐదుగురిలో ముగ్గురు కొనసాగుతారు, ఇద్దరు ఆగి వేచి ఉంటారు. నలుగురు ఇద్దరిద్దరుగా చీలితే ఎవరూ కొనసాగలేరు, అంటే నాలుగో నోడ్ వల్ల తట్టుకునే శక్తి మూడు నోడ్‌ల గ్రూపు కంటే పెరగలేదు. బేసి సంఖ్యలో సభ్యులను పెట్టుకోమనడానికి కారణం ఇదే.

స్తంభించి తిరిగి లేచిన పాత సీక్వెన్సర్ తానింకా ఆ పదవిలోనే ఉన్నానని నమ్ముతూ సందేశాలు పంపుతుంది. శీర్షికలో వ్యూ నంబరును ఉంచినది దీనికోసమే: పాత నంబరు ఉన్న సందేశాన్ని ప్రతి నోడూ తిరస్కరించాలి, గ్రూపు బయట ఉన్న స్టోరేజీ కూడా అదే తనిఖీ చేయాలి.

కొత్త వ్యూ గురించి అందరూ ఒక మాట మీదకు రావడమే ఒక ఏకాభిప్రాయ సమస్య గనుక, ఈ భాగాన్ని సొంతంగా కనిపెట్టవద్దని గట్టిగా చెబుతాను. ఏకాభిప్రాయానికి పాక్సోస్ అనే ప్రోటోకాల్ ఉంది, 2014లో అర్థం చేసుకోవడానికి అనువుగా రూపొందించిన రాఫ్ట్ ఉంది, జూకీపర్, ఈటీసీడీ వంటి సిద్ధమైన సేవలు ఉన్నాయి. పూర్తి గ్రూప్ పొర కావాలంటే జేగ్రూప్స్, స్ప్రెడ్, కోరోసింక్ ఏళ్ల తరబడి వాడుకలో ఉన్నవి. వాటి డాక్యుమెంటేషన్ చదివేటప్పుడు పైన చెప్పిన హామీలలో ఏవి అప్రమేయంగా (డిఫాల్ట్‌గా) ఉన్నాయో, ఏవి విడిగా ఆన్ చేయాలో వెతకండి.

ఏడో అంచె: కొత్త సభ్యుడూ, నెమ్మదించిన సభ్యుడూ

కొత్తగా చేరిన నోడ్‌కు పాత స్థితి కావాలి. చేరిక కొత్త వ్యూగా నమోదవుతుంది కనుక, ఆ వ్యూ మొదలైన క్షణం నాటి స్నాప్‌షాట్‌ను పాత సభ్యులలో ఒకరు ఇస్తే, ఆ వ్యూ సందేశాలను కొత్త నోడ్ తన క్యూలో పోగు చేసుకుని స్నాప్‌షాట్ పూర్తయ్యాక వరుసగా అమలు చేస్తుంది. పెద్ద డేటాను కాపీ చేసేంతసేపు గ్రూపు మొత్తాన్ని ఆపకూడదు.

నెమ్మదించిన సభ్యుడు ఆగిపోయిన సభ్యుడికంటే ఎక్కువ ఇబ్బంది పెడతాడు. అతనికి చేరేవరకు సందేశాలు స్థిరపడవు, స్థిరపడనివి అందరి బఫర్‌లలోనూ పేరుకుంటాయి. బఫర్‌కు ముందే ఒక పరిమితి పెట్టి, అది దాటితే పంపేవారిని ఆపడమా, వెనుకబడినవారిని గ్రూపు నుంచి తొలగించి స్నాప్‌షాట్‌తో తిరిగి చేర్చుకోవడమా అన్నది నిర్ణయించుకోవాలి. స్వల్పకాలిక జాప్యానికి మొదటిదీ, దీర్ఘకాలం కొనసాగితే రెండోదీ తగినవి.

ఎనిమిదో అంచె: పరీక్షించడం

సాధారణ పరీక్షలలో ఈ పొర ఎప్పుడూ బాగానే పనిచేస్తుంది, తప్పులన్నీ వైఫల్యాల కలయికలోనే బయటపడతాయి. ప్రతి నోడూ అప్పగించిన సందేశాల గుర్తింపులను వ్యూ నంబరుతో సహా ఫైలులో రాసేలా చేసి, తర్వాత ఆ ఫైళ్ళను పోల్చే ఒక చిన్న ప్రోగ్రాం రాయండి: పూర్ణ వరుస అయితే రెండు ఫైళ్ళలో ఒకటి రెండోదాని మొదటి భాగంగా ఉండాలి. ఆ తర్వాత ప్రాసెస్‌ను చంపడం, సిగ్నల్‌తో స్తంభింపజేసి కొంతసేపటికి తిరిగి లేపడం, ప్యాకెట్లను పోగొట్టడం, ఒక దిశలో మాత్రమే నెట్‌వర్క్‌ను తెంచడం చేయండి. చివరిది చాలామంది మరచిపోతారు, కానీ ‘క’ మాట ‘చ’కు వినిపిస్తూ ‘చ’ మాట ‘క’కు వినిపించని స్థితిలోనే వ్యూలు ఆగకుండా మారుతూ పోయే లోపం కనబడుతుంది. ముఖ్యంగా వ్యూ మారే తతంగంలోని ప్రతి మెట్టు వద్దా సమన్వయకర్తను చంపి చూడాలి.

వాడకంలోకి తెచ్చాక ప్రస్తుత వ్యూ నంబరు, స్థిరపడని సందేశాల సంఖ్య, క్యూలో ఆగి ఉన్న అత్యంత పాత సందేశం వయసు అనే మూడు కొలతలను ప్రతి నోడ్ నుంచీ సేకరించండి. వ్యూ నంబరు తరచూ పెరుగుతుంటే టైమ్‌ఔట్ మరీ తక్కువగా ఉందని అర్థం. స్థిరపడనివి పెరుగుతుంటే ఒక సభ్యుడు వెనుకబడుతున్నాడు. వ్యూ మారకుండా పాత సందేశం వయసు మాత్రం పెరుగుతుంటే వరుసలో ఒక సంఖ్య ఎక్కడో తప్పిపోయింది, ముందుగా సీక్వెన్సర్ లాగ్‌ను చూడాలి.